గుద్దుల రత్నంగారు

జగ్గయ్యపేట నుంచి వచ్చిన పొద్దుటి బస్సు నందిగామ సెంటర్లో ఆగింది. అందరూ దిగిపోయాక చివర్న ఒక మనిషి దిగాడు. కుడిచేత్తో తలుపు పట్టుకుని, ఎడమకాలు కిందికి చాపి, నేల ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు కాసేపు తడిమి, అప్పుడు పాదం మోపాడు. కాస్త దూరం నడిచి, పక్కకి తూలి, కిళ్ళీకొట్టు గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి. ముక్కు చితికిపోయి ఉంది, చెవులు ముడుచుకుపోయి ఉన్నాయి. కిళ్ళీకొట్టు దగ్గరున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. పొద్దున్నే గరికపాడు వెళ్ళొచ్చాడు, అదృష్టవంతుడు, అన్నాడొకడు.

ఆ నవ్వు అర్థం కావాలంటే ఆ రోజుల సంగతి ఒక్క మాట చెప్పాలి. అప్పట్లో ఆంధ్ర జిల్లాలన్నిటా మద్యనిషేధం అమల్లో ఉండేది. గరికపాడు దాటితే నైజాం. నైజాం ప్రభువు దిగిపోయి ఏళ్ళయినా మనవాళ్ళ నోట ఆ పేరు దిగలేదు. అక్కడ నిషేధం లేదు. కనుక మన మెట్ట ప్రాంతంలో గొంతు తడారినవాళ్ళందరూ గరికపాడు మీదుగా అవతలి గట్టుకేసి చూసేవాళ్ళు. ఆ వైపు బస్సు దిగి తూలే మనిషి కనిపిస్తే ఇక విచారణ అక్కర్లేదు.

అక్కడే ఉన్న కానిస్టేబులు దగ్గరికొచ్చి నోరు ఊదమన్నాడు. ఆ మనిషి ఊదాడు. మళ్ళీ ఊదమన్నాడు. వాసన లేదు. వాసన రాకుండా ఏం తాగావయ్యా అని కానిస్టేబులు తెల్లబోయాడు. ఏలక్కాయలు నమిలి ఉంటాడని ఒకరు, మిలట్రీవాళ్ళ దగ్గర దానికి వేరే మందుంటుందని ఇంకొకరు తీర్పు చెప్పారు. తాగలేదేమో అన్న మాట ఒక్కరికీ తోచలేదు. నలుగురి మాట ముందు కానిస్టేబులు ముక్కు చెప్పిన సాక్ష్యం చెల్లలేదు.

నిజానికి ఆ మనిషి, ఏసురత్నం, బుద్ధెరిగాక సారా చుక్క నోట పెట్టలేదు. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర పాదిరి అయ్యగారు పోసే ద్రాక్షరసం తప్ప ఆయన పెదవికి వేరే రసం తగల్లేదు.

ఆయన నందిగామ పక్క పాలెంలో పుల్లయ్య కొడుకు. పుల్లయ్య వీరరాఘవయ్యగారింట్లో ఏళ్ళ తరబడి పాలేరుతనం చేసిన మనిషి. రెండో యుద్ధం రోజుల్లో ఏసురత్నం బెంగుళూరు పోయి పటాలంలో చేరాడు. అక్కడి దొరలు ఆయన చేతుల పొడుగు చూసి తోలు తొడుగులు తొడిగి బాక్సింగు నేర్పించారు. ఆయన గుద్దితే ఎదుటివాడు ఎటునుంచి తగిలిందో తెలుసుకునేలోపు నేల మీద ఉండేవాడట. పటాలం కప్పు గెలిచాడు. మద్రాసులో గెలిచాడు. యుద్ధం అయ్యాక బెజవాడలో ఒక రైల్వే దొరను పడగొట్టిన వార్త పత్రికలో వచ్చింది. పాలెంలో చదవడం వచ్చినవాళ్ళందరూ దాన్ని గట్టిగా చదివి రానివాళ్ళకి వినిపించారు.

ఆ తరవాతి పోటీ నందిగామలోనే జరిగింది. పెట్టించింది వీరరాఘవయ్యగారి కొడుకు భవానీప్రసాద్. మైకులో అందరూ వినేలా, "ఏసురత్నంగారూ, ఇలా వచ్చి కూర్చోండి" అన్నాడు. తన పక్కన కుర్చీ చూపించాడు. ఆ ఊళ్ళో పాలెం మనిషిని 'గారూ' అని పిలవడం అదే మొదలు. పుల్లయ్య అప్పటికి బతికే ఉన్నాడు. జనం వెనక నిలబడి ఆ మాట విని, కొడుకు గెలిచిన తరవాత కూడా దాన్నే తలుచుకుని ఏడ్చాడు. ఆయన్ని జీవితమంతా పుల్లిగా అన్నవాళ్ళేగాని పుల్లయ్యా అన్నవాళ్ళు లేరు.

మంచిదే కదా అంటారు మీరు. మంచిదే. కాని ఆ గౌరవాన్ని మనం ఆ మనిషికి ఇచ్చామా, ఆయన పిడికిలికి ఇచ్చామా? ఏసురత్నం ఆ ప్రశ్న వేసుకోలేదు. వేసుకోవలసింది మనం. మనమూ వేసుకోలేదు.

ఏళ్ళు గడిచాయి. నలభై దాటిన మనిషి ఇరవై ఏళ్ళవాళ్ళతో తలపడుతూనే ఉన్నాడు. ముందు గెలుపులు తగ్గాయి, తరవాత ఆగిపోయాయి. ఆయన పేరు మాత్రం గోడల మీద ఇంకా పెద్ద అక్షరాలతో పడుతుండేది, ఎందుకంటే పాత పేరుకి జనం వస్తారు. మొదట్లో ఆయన కొట్టడం చూడ్డానికి వచ్చిన జనం పోను పోను ఆయన పడడం చూడ్డానికి వచ్చారు. వచ్చిన జనానికి ఆ తేడా తెలియలేదు, లేదా తెలిసినా బాధ కలగలేదు.

ఈలోగా ఆయన మాట ముద్దగా అయిపోయింది. ఎడమచెయ్యి వణికేది. కాళ్ళకి ఒకటి చెబితే అవి ఇంకొకటి వినేవి. తెలిసినవాళ్ళ పేర్లు నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేవి. ఒకనాడు జగ్గయ్యపేటలో భవానీప్రసాద్ ఆయన్ని పరకాయించి చూసి, ఒంట్లో బాగాలేదా, జబ్బేమన్నానా, అలాగైతే చెప్పండి, వచ్చే పోటీకి వేరేవాళ్ళని చూస్తాను, అన్నాడు. ఆ ఊళ్ళో లారీల వ్యాపారం చేసుకునే ఆ పెద్దమనిషి చెడ్డవాడేమీ కాదు. జబ్బు మనిషిని గుద్దించేటంత పాపానికి ఒడిగట్టేవాడు కాదు.

ఏసురత్నం వెంటనే, జబ్బేం లేదండీ, రాత్రి కాస్త ఎక్కువైంది, అన్నాడు.

భవానీప్రసాద్ పెద్దగా నవ్వి, మిలట్రీ మనిషివి అనిపించుకున్నావు, పోటీనాటికి మాత్రం మానెయ్ అని భుజం తట్టాడు. ఆ అబద్ధం అక్కడ పుట్టింది. తాగుబోతు అంటే ఊరు నవ్వుతుంది, నవ్వి పోటీకి వస్తుంది. తల చెడిందంటే జాలిపడి ఇంటికి పంపిస్తుంది. ఏసురత్నం ఈ రెంటిలో నవ్వునే ఎంచుకున్నాడు.

ఆ మాట జగ్గయ్యపేట నుంచి నందిగామకి ఆయనకంటే ముందే చేరింది. భార్య ఆదెమ్మ తండ్రి సారాతోనే పోయినవాడు. ఆమె ఆ ఇంట్లో పెరిగింది కనుక తూలే మనిషిని చూస్తే ఒళ్ళు మండిపోతుంది. మొగుడి చొక్కా వాసన చూసింది, నోరు వాసన చూసింది, చూరు వెతికింది. ఏమీ దొరకలేదు. దొరకనందుకు నమ్మకం పోలేదు సరిగదా, ఎంత జాగ్రత్తగా దాస్తున్నాడో అని ఇంకా కోపం వచ్చింది. అతనితో మాట మానేసింది. తమ్ముడు స్తెఫనుతో చెప్పింది. మిషను బళ్ళో పంతులుగా ఉన్న స్తెఫను సంఘ పెద్దలతో చెప్పాడు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు చర్చిలో కూర్చున్నారు. తాగేవాళ్ళని ప్రభువు బల్లకి, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారానికి, దూరంగా ఉంచడం ఆ సంఘం కట్టుబాటు. పాదిరి ఇశ్రాయేలు అయ్యగారు నెమ్మదస్తుడు, అన్యాయం చేసే మనిషి కాదు. ఏసురత్నాన్ని ఎదుట నిలబెట్టుకుని, ఊరి మాట నాకక్కర్లేదు, నీ నోటితో నువ్వు చెప్పు, అన్నారు.

"దేవుడి ఎదుట నిలబడ్డావు. తాగుతున్నావా, లేదా?"

అక్కడ భవానీప్రసాద్ లారీ డ్రైవర్లు ఇద్దరున్నారు. లేదంటే, మరి ఈ తూలడమేమిటని అడుగుతారు. అడిగిన మాట సాయంత్రానికి జగ్గయ్యపేట చేరుతుంది. పోటీ దగ్గర పడింది. ఏసురత్నం తల వంచుకున్నాడు.

"తాగుతున్నానండి" అన్నాడు.

చెయ్యని పాపాన్ని దేవుడి ఎదుట ఒప్పుకుని ఆయన బయటికి నడిచాడు. నడుస్తూ గుమ్మం దగ్గర తూలాడు. చూశారా, గుళ్ళోకి కూడా తాగే వచ్చాడు, అని పెద్దలు చెవులు కొరుక్కున్నారు.

వారం తిరక్కముందే ఆదెమ్మ ఒక పని చేసింది. మొగుడెక్కిన బస్సులోనే, వెనక ఆడవాళ్ళ మధ్య ముసుగేసుకుని కూర్చుని గరికపాడు వెళ్ళింది. అవతలి గట్టున సారాకొట్టు దగ్గర జుట్టు పట్టుకుని నలుగురిలో నిలదీయాలని ఆమె ఉద్దేశం. ఏసురత్నం బస్సు దిగి హోటళ్ళకేసి పోలేదు, అవతలికి పోయే లారీలకేసి పోలేదు. పక్కనే ఉన్న పాలేటి వాగు ఒడ్డుకి దిగాడు. అక్కడ ఒక తుమ్మచెట్టుకి ఇసుక నింపిన గోనెసంచి వేలాడుతోంది. చొక్కా విప్పి దాన్ని గుద్దడం మొదలుపెట్టాడు. సంచి ఊగి వెనక్కొచ్చి తగిలితే వెల్లకిలా పడ్డాడు. లేచాడు. మళ్ళీ గుద్దాడు, మళ్ళీ పడ్డాడు. నందిగామలో సాధన చేస్తే పడడం నలుగురూ చూస్తారని ఇంత దూరం వచ్చేవాడన్నమాట.

ఆదెమ్మ ముసుగు తీసేసి పరుగున వెళ్ళి ఆయన్ని లేవదీసింది.

"ఇదా నువ్వు తాగేది? ఇన్నాళ్ళూ నీతో మాట్టాడకుండా నిన్ను కాల్చుకుతిన్నానే. నీకు నోరు లేదా?"

ఆయన ఒక్కొక్క మాటా కూడగట్టుకున్నాడు. "తాగుతున్నానంటే పోటీలోకి దింపుతారే. తల తిరుగుతోందంటే దింపరు."

"దింపకపోతే మానె. కలుపు కూలికి ఇప్పుడు నేనొక్కదాన్నే పోతున్నాగా? ఇద్దరం పోదాం."

"మా అయ్య వీరరాఘవయ్యగారి అరుగు కింద చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, బతికినన్నాళ్ళూ. నన్ను గారూ అన్నారు. ఆ పోటీ తాళ్ళ మధ్య ఉన్నంతసేపే అంటారు ఆదెమ్మా. దిగితే అనరు."

"ఆ గారు పెట్టుకుని నేనేం చేసుకోను? పొద్దున నన్ను రత్తమ్మా అని మీ అమ్మ పేరెట్టి పిలిచావు. నవ్వులాటకనుకున్నా. నా పేరు మర్చిపోయావని ఇప్పుడు తెలిసింది. నాకు నువ్వు కావాలయ్యా."

ఆయన చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఇదొక్కటే, ఈ పోటీతో సరి, ఎవరికీ చెప్పొద్దు అని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. ఆదెమ్మ చెయ్యి వేసింది, మర్నాడే మాట తప్పింది. తప్పినందుకు ఆమెని నేను మెచ్చుకుంటాను. కాని ఆమె మాట వినడానికి ఊళ్ళో చెవి మిగల్లేదు.

ముందు జగ్గయ్యపేట వెళ్ళి భవానీప్రసాద్‌తో చెప్పింది. మా ఆయన తాగట్లేదండీ, తల చెడిందండీ, అని చేతులు జోడించింది. మొగుడు తాగుతున్నాడని ఏడ్చే ఆడవాళ్ళని చూశాగాని, తాగట్లేదని ఏడ్చేదాన్ని నిన్నే చూశా, అని అతను నవ్వేశాడు. నీ మొగుడే స్వయంగా నాతో ఒప్పుకున్నాడు, గోడల మీద పేరు కూడా పడిపోయింది, భయపడకు అని పంపించేశాడు. అక్కణ్ణుంచి అయ్యగారి దగ్గరికి వచ్చింది. దేవుడి ఎదుట అతను ఒప్పుకున్నదాన్ని నువ్వు కాదంటే ఎలాగమ్మా, మొగుడి తప్పు కప్పిపుచ్చడం ప్రేమ కాదు, అని ఆయన మెల్లగా బుద్ధి చెప్పారు. చివరికి స్తెఫను కూడా, బల్ల నుంచి తీసేశారన్న సిగ్గుతో ఇలా చెబుతున్నావక్కా, అన్నాడు. ఏసురత్నం ఆడిన చిన్న అబద్ధం ఊరంతటి గోడై నిలబడింది. నిజం ఆ గోడకి తల బాదుకుని వెనక్కొచ్చింది.

పోటీ జగ్గయ్యపేటలో ఒక బియ్యం మిల్లు ఆవరణలో ఎండ తగ్గాక మొదలైంది. నందిగామ నుంచి లారీలు కట్టుకుని వెళ్ళారు. పాలెం మగవాళ్ళందరూ వెళ్ళారు, సంఘ పెద్దలతో సహా. తాగుబోతని బల్ల దగ్గరికి రానివ్వని మనిషిని చూసి చప్పట్లు కొట్టడానికి వాళ్ళకేమీ అభ్యంతరం కనబడలేదు.

ఎదుటివాడు ప్రేమదాసు, బెజవాడ రైల్వే షెడ్డులో పనిచేసే కుర్రాడు. ఏసురత్నం కథలు వింటూ పెరిగినవాడు. పోటీకి ముందు ఆయన దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించి, మీతో ఒకే తాళ్ళ మధ్య నిలబడడం నా అదృష్టమండీ, అన్నాడు. ఏసురత్నం నవ్వి తల ఊపాడు. మైకులో భవానీప్రసాద్ గొంతు మోగింది: "మన జిల్లా సింహం, ఏసురత్నంగారు!" ఆ మాట విని ఆ మనిషి వెన్ను నిటారుగా నిలిచింది. చూస్తున్నవాళ్ళకి పాతికేళ్ళ రత్నం కనబడ్డాడు. అదీ కాసేపే.

మొదటి రౌండు ఎలాగో గడిచింది. రెండో రౌండులో ప్రేమదాసు ఒక సంగతి కనిపెట్టాడు. పెద్దాయన పిడికిళ్ళు తను నిలబడ్డ చోటికి రావడం లేదు, పక్కనెక్కడో గాలిలో తిరుగుతున్నాయి. కళ్ళు తనని చూడటం లేదు. అతను చేతులు దించేసి రిఫరీకేసి తిరిగాడు. ఆయనకి కనబడ్డం లేదండీ, ఆపండి, అన్నాడు.

ఆ క్షణం ఆపి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. ఆపడానికి రిఫరీ చెయ్యెత్తాడు కూడా. జనం లేచి నిలబడ్డారు. ఈలలు, కేకలు. తాగొచ్చినవాడి మీద జాలేమిట్రా, కొట్టు, మత్తు దిగేట్టు కొట్టు, అని నాలుగు వైపుల నుంచీ అరిచారు. ఆ అరుపుల్లో నందిగామ గొంతులున్నాయి, పాలెం గొంతులు కూడా ఉన్నాయి. రిఫరీ ఎత్తిన చెయ్యి దించేసి, కానీయమన్నాడు. ప్రేమదాసు తప్పనిసరై ఒక దెబ్బ వేశాడు. బలంగా వెయ్యలేదు. ఆ దెబ్బకి కాకపోయినా, అంతకుముందు ఏళ్ళ తరబడి తిన్న దెబ్బలన్నిటికీ కలిపి ఏసురత్నం పడిపోయాడు.

పడి, మళ్ళీ లేచాడు. లేచి ప్రేమదాసుకి గాని జనానికి గాని కాకుండా, ఒక మూల గుంజకి ఎదురుగా నిలబడి, మడమలు కలిపి మిలట్రీ సలాము కొట్టాడు. "ఎవరు గెలిచారు సార్?" అని ఆ గుంజని అడిగాడు.

మిల్లు ఆవరణంతా నవ్వింది. చదివే మీకు నవ్వు రావడం లేదని నాకు తెలుసు. కాని ఆనాడు అక్కడుంటే మనమూ నవ్వి ఉండేవాళ్ళమేమో అన్న భయం నాకుంది. ఆ నవ్వులోనే ఏసురత్నం రెండోసారి కూలిపోయాడు. ఈసారి లేవలేదు.

బెజవాడ ఆసుపత్రిలో చాలాకాలం ఉన్నాడు. అయ్యగారూ స్తెఫనూ ఒకనాడు చూడ్డానికి వెళ్ళినప్పుడు పెద్ద డాక్టరు వాళ్ళని పక్కకి పిలిచారు. ఇతను తాగుబోతని మీవాళ్ళెవరో చెప్పారు, ఇతని ఒంట్లో తాగుడు జాడే లేదు, అన్నారు. తల మీద పడ్డ దెబ్బలకి మెదడు దెబ్బతింది, తూలడమూ మాట తడబడడమూ మరుపూ అన్నీ అందువల్లే. మొదట్లోనే మాన్పించి ఉంటే మనిషి దక్కేవాడు. ఇప్పుడు ప్రాణం ఉంటుంది, అంతే. స్తెఫను అక్కడే వరండాలో కూలబడ్డాడు. అక్క చెప్పినప్పుడు ఎందుకు వినలేదా అని ఆ తరవాత ఎన్ని రోజులు తనని తను తిట్టుకున్నా ఏం లాభం?

ఏసురత్నాన్ని ఇంటికి తెచ్చారు. ఆదెమ్మ పొద్దున్నే అన్నం కలిపి తినిపించి కూలికి పోయేది. ఆయన గుమ్మంలో కూర్చుని వచ్చే పోయేవాళ్ళని చూసేవాడు. ఎవరినీ గుర్తుపట్టేవాడు కాదు. ఇప్పుడు ఆయన్ని ఎవరూ గారూ అనడం లేదన్న సంగతి కూడా ఆయనకి తెలియదు. అదొక్కటే దేవుడు చేసిన దయ అనుకోవాలి.

ప్రభువు బల్ల సంస్కారం జరిగే ఆదివారం వచ్చింది. ఆదెమ్మ, స్తెఫను ఆయన్ని చెరో రెక్కా పట్టుకుని చర్చికి నడిపించుకొచ్చారు. అయ్యగారు బల్ల ముందు నిలబడి, మన సహోదరుడు ఏసురత్నం మీద పెట్టిన శిక్ష తీసేశాం, సంఘం ఆయన్ని క్షమించి తిరిగి చేర్చుకుంటోంది, అని ప్రకటించారు. ఆ సంఘంలో ఆడవాళ్ళు ఆరాధన మధ్యలో లేచి మాట్లాడడం ఎన్నడూ లేదు. ఆదెమ్మ లేచి నిలబడింది.

"ఏం చేశాడని క్షమిస్తన్నారయ్యగారూ?"

పెద్దలు కూర్చోమని సైగ చేసినా ఆమె కూర్చోలేదు.

"తాగలేదని నేను చెబితే నమ్మలేదు, డాక్టరు చెబితే నమ్మారు. పోనీండి. మీ అందరి చేత గారూ అనిపించుకోడానికి తల పగలగొట్టించుకున్నాడు మా ఆయన. ఆయన్ని క్షమించడానికి మీరెవరండీ?"

పెద్దలు తలలు దించుకున్నారు. అయ్యగారు చేతిలో గిన్నె బల్ల మీద పెట్టేశారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆదెమ్మ అడిగింది న్యాయం" అన్నారు. "తాగాడని నమ్మి రొట్టె దగ్గరికి రానివ్వలేదు. తాగాడని నమ్మే, దెబ్బలు తినడానికి మాత్రం లారీలెక్కి వెళ్ళి సాగనంపాం. వద్దని నేనూ అనలేదు. కుర్రాడు ఆపమంటే ఆపనివ్వలేదు మనం. ఈ పూట బల్ల దగ్గరికి ఏసురత్నంగారు ఒక్కరే వస్తారు. ఆయనకి రొట్టె ఇచ్చాక మిగతా అందరం, నాతో సహా, బయట నిలబడదాం. మనిషి గెలిచినన్నాళ్ళే మర్యాద చేసేవాళ్ళు మర్యాద చేసినట్టు కాదు, వాడుకున్నట్టు. ఓడిపోయేలోపే ఇక చాలు బాబూ అని చెయ్యి పట్టుకుని దింపి, దిగాక కూడా అదే పేరుతో పిలవాలి. అది చెయ్యని ఊరికి చప్పట్లు కొట్టే హక్కు లేదు."